సూక్ష్మజీవుల జన్యు సవరణ – పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము



నేడు నాకు నిర్ణయింపబడిన విషయము వినుటకు కొంత కొత్తగా నుండును. కంటికి కనబడని బాక్టీరియాల జన్యువులను మానవుడు తన యవసరమునకు తగినట్లు సవరించుచున్నాడు. ఆ సవరణ ఎట్లు జరుగును, దాని వలన ప్రయోజన మేమి, గ్రామమునకు దానితో నిమిత్త మేమి అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు యత్నించెదను. పంచాయతీ పని రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, పారిశుధ్యము కదా, ప్రయోగశాలల సంగతి మన కెందుకని మీలో కొందరికి తోచవచ్చును. కాని సవరించిన బాక్టీరియా నేడు ప్రయోగశాలకే పరిమితమై యుండలేదు. కొన్ని దేశములలో అది పొలములోనికి వచ్చినది. పొలములు గ్రామములలో నున్నవి. కనుక ఈ విషయము మీకు సంబంధించినదే.

బాక్టీరియా అనగానే రోగము జ్ఞప్తికి వచ్చుట సహజము. కలరా, క్షయ, టైఫాయిడు బాక్టీరియాల వలననే కలుగుచున్నవి. అయినను బాక్టీరియాలలో మనకు మేలు చేయునవియు పెక్కు గలవు. పాలలో తోడు వేసిన తెల్లవారునప్పటికి పెరుగు తయారగుట బాక్టీరియాల పనియే. కంది, మినుము, పెసర, వేరుశనగ మొక్కలను వేళ్లతో పెరికి చూచిన చిన్న బుడిపెలు కనబడును. వానిలో నివసించు రైజోబియం అను బాక్టీరియా గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చి యిచ్చును. పేడ నుండి గోబరు గ్యాసు పుట్టుటయు ఇట్టి సూక్ష్మజీవుల వలననే. అనగా ఇవి తరతరములుగా మన గ్రామములలో జీతము లేని పాలేర్లవలె పని చేయుచున్నవి.

ప్రతి జీవికి దాని లక్షణములను నిర్ణయించు ఒక లెక్కల పుస్తకము కణములోనే యుండును. దానినే జన్యుపటము అందురు. మీ గ్రామపు భూముల వివరములన్నియు అడంగలులోను, పహాణీలోను వ్రాయబడి యున్నట్లు, ఆ జీవి ఏ పదార్థమును తయారు చేయవలెను, ఎప్పుడు చేయవలెను, ఎప్పుడు మానవలెను అను వివరములన్నియు అందు వ్రాయబడి యుండును. ఆ వ్రాత డి.ఎన్.ఏ. అను పదార్థముతో జరిగినది. దానిలో నున్నవి నాలుగే అక్షరములు. మన పేగులలో నివసించు ఇ.కోలి అను బాక్టీరియా పుస్తకములో అట్టి అక్షరములు సుమారు 46 లక్షలు గలవు. 1997లో శాస్త్రజ్ఞులు దానిని మొదటి నుండి చివర వరకు చదివిరి. అందు నాలుగు వేలకు పైగా జన్యువులు, అనగా నాలుగు వేలకు పైగా పద్దులు ఉన్నట్లు తేలినది.

ఈ బాక్టీరియాకు తగిన ఆహారము, వెచ్చదనము దొరికినచో సుమారు 20 నిమిషములకొకసారి ఒకటి రెండుగా చీలును. అట్లు ఆటంకము లేక పెరిగినచో ఒక్కటి 10 గంటలలో 100 కోట్లకు పైగా కాగలదు. చీలినప్పుడెల్ల పుస్తకము నకలు తీయబడి పిల్లకు సంక్రమించును. పుస్తకములో మనము ఒక పద్దును మార్చినచో ఆ మార్పు కోట్ల సంతానమునకు చేరును. ఈ విద్య యొక్క బలమంతయు ఇందులోనే యున్నది. దాని విషయమున జాగ్రత్త అవసరమగుటకు కారణమును ఇదియే.

ఇక పద్ధతుల సంగతి చెప్పెదను. మొదటి పద్ధతి పుస్తకములో అదనపు చీటీ పెట్టుట వంటిది. బాక్టీరియాలలో అసలు పుస్తకము గాక ప్లాస్మిడ్ అను చిన్న ఉంగరముల వంటి డి.ఎన్.ఏ. ముక్కలు సహజముగనే యుండును. 1973లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అను శాస్త్రజ్ఞులు అట్టి ఉంగరమును కత్తిరించి, అందు వేరొక జన్యువును అతికి, ఇ.కోలిలో ప్రవేశపెట్టిరి. 1978లో ఇదే మార్గమున మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియా చేత తయారు చేయించిరి. 1982లో అమెరికా ప్రభుత్వము దాని వాడకమునకు అనుమతి నిచ్చినది. అంతకు పూర్వము చక్కెర వ్యాధిగ్రస్తులకు పందుల యొక్కయు పశువుల యొక్కయు క్లోమము నుండి తీసిన ఇన్సులినే దిక్కు. నేడు మీ గ్రామములో ఇన్సులిన్ సూది మందు వాడువారికి అది జంతువుల నుండి గాక, ఇట్లు మార్చిన బాక్టీరియా నుండియో, ఈస్టు అను మరియొక సూక్ష్మజీవి నుండియో వచ్చుచున్నది.

చీటీ పద్ధతికి ఒక లోపము కలదు. చీటీ జారిపోవచ్చును. బాక్టీరియా చీలునప్పుడు కొన్ని పిల్లలకు ఉంగరము చేరకపోవును. అందువలన ఉంగరమున్న వానిని గుర్తించుటకు, యాంటీబయాటిక్ మందును తట్టుకొను జన్యువును గూడ దానికి జోడించుట వాడుక. మందు వేసినప్పుడు ఉంగరము లేనివి చచ్చును, ఉన్నవి బ్రతుకును. మూసిన పాత్రలో ఇది చెల్లును. కాని మందుకు లొంగని గుణమును పొలములోని నేలకు చేర్చుట మంచిది కాదు. కనుక చీటీ పెట్టుట మాని పుస్తకములోనే అక్షరములు దిద్దు మార్గమును శాస్త్రజ్ఞులు అన్వేషించిరి.

ఈ రెండవ పద్ధతికి పనిముట్లు ఒక వైరసు నుండి లభించినవి. బాక్టీరియాలకు గూడ వైరసుల వలన రోగములు వచ్చును. లాంబ్డా అను అట్టి వైరసులో డి.ఎన్.ఏ. ముక్కలను కలుపుటకు తోడ్పడు మూడు ప్రోటీనులు గలవు. మనము కోరిన కొత్త వ్రాతతో ఒక ముక్కను తయారు చేసి, దాని రెండు కొసల యందును పుస్తకములోని ఆ చోటికి సరిపోవు 50 అక్షరముల వరకు ఉంచిన యెడల, ఆ ప్రోటీనుల సాయముతో పాత వ్రాత తొలగి కొత్త వ్రాత ఆ స్థానమున కుదురుకొనును. 2000 సంవత్సరములో కిరిల్ డాట్సెంకో, బారీ వానర్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్గమున ఇ.కోలిలో కోరిన జన్యువును సులభముగా తొలగించు విధానమును ప్రకటించిరి. 2006లో జపాను శాస్త్రజ్ఞులు ఆ విధానముతోనే ఒక్కొక్క జన్యువును వేరువేరుగా తొలగించి 3,985 రకముల ఇ.కోలిని సిద్ధపరచిరి. ఏ పద్దును కొట్టివేసిన జీవికి ఏమి జరుగునో దాని వలన తెలియవచ్చినది.

ఈ పద్ధతిలోను ఒక చిక్కు మిగిలినది. దిద్దుబాటు అన్ని కణములలో జరుగదు. ఎన్నో కణములలో ఏ కొద్దింటిలోనో జరుగును. మిగిలినవన్నియు పాత రకమే. అవి ఇవి చూపునకు ఒక్క తీరుననే యుండును. విత్తనపు మడిలో బెరకు మొక్కలు పడినచో కూలీలు గెలల తీరు చూచి ఏరివేయుదురు. కంటికి కనబడని మడిలో బెరకు లేరుట ఎట్లు? దీనికి సమాధానముగా వచ్చినదే క్రిస్పర్ అను మూడవ పద్ధతి.

క్రిస్పర్ మానవుడు కల్పించినది కాదు. అది బాక్టీరియాల స్వంత రక్షణోపాయము. 1987లో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఇ.కోలి పుస్తకములో ఒకే వాక్యము మాటిమాటికి తిరిగి వచ్చుట గమనించిరి. దాని అర్థము అప్పుడు తెలియలేదు. స్పెయిన్ దేశమున ఫ్రాన్సిస్కో మోహికా అను శాస్త్రజ్ఞుడు ఏండ్ల తరబడి దానిని పరిశీలించి, ఆ వాక్యముల నడుమ నున్నవి వైరసుల ఆనవాళ్లని కనుగొనెను. పోలీసు స్టేషనులో పాత నేరస్థుల వేలిముద్రలను భద్రపరచినట్లు, బాక్టీరియా తనపై దాడి చేసిన వైరసుల గుర్తులను దాచుకొనుచున్నది. ఆ వైరసు మరల వచ్చినచో గుర్తు పట్టి దాని డి.ఎన్.ఏ.ను ఖండించుచున్నది. 2007లో పాల పదార్థముల తోడును తయారు చేయు ఒక యూరపు కంపెనీ శాస్త్రజ్ఞులు, పెరుగు జాతి బాక్టీరియాలోనే ఈ సంగతిని ప్రయోగపూర్వకముగా ఋజువు చేసిరి. 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అను ఇరువురు మహిళా శాస్త్రజ్ఞులు, ఆ కత్తికి మనము కోరిన గుర్తునిచ్చి, కోరిన చోట కోయించవచ్చునని నిరూపించిరి. 2020లో వారికి రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

మొక్కలలోను జంతువులలోను కోతపడిన డి.ఎన్.ఏ. తిరిగి అతుకుకొనును. అతుకుకొనునప్పుడు మార్పు కలుగును. కాని బాక్టీరియాలలో అధిక భాగము అట్టి కోతను బాగు చేసికొనలేక చనిపోవును. ఈ బలహీనతయే ఇచ్చట ఉపకరణమైనది. మొదట వెనుకటి పద్ధతిన దిద్దుబాటు చేయుదురు. అటుపిమ్మట పాత వ్రాతను మాత్రమే గుర్తించి కోయునట్లు క్రిస్పర్‌ను ప్రయోగింతురు. పాత వ్రాత నిలిచియున్న కణములు కోతపడి చచ్చును. దిద్దుబాటు జరిగిన కణములలో ఆ గుర్తే యుండదు గనుక కత్తి వానిని తాకదు. అనగా బాక్టీరియాల విషయమున క్రిస్పర్ ముఖ్యముగా బెరకు లేరు కూలీ పని చేయుచున్నది. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములో, న్యుమోనియా కలిగించు ఒక బాక్టీరియాలో మిగిలిన కణములు దాదాపు నూటికి నూరును, ఇ.కోలిలో నూటికి 65ను కోరిన మార్పును పొందియుండెను. మందును తట్టుకొను జన్యువును గుర్తుగా మిగిల్చవలసిన అవసరము దీనితో తగ్గినది.

ఇంతవరకు విద్య సంగతి. ఇక గ్రామమునకు సంబంధించిన విషయమునకు వత్తము.

సవరించిన బాక్టీరియాను వాడు స్థలములు రెండు. ఒకటి ఫ్యాక్టరీలోని మూసిన ఉక్కు పాత్ర. రెండవది తెరచిన పొలము. ఇన్సులిన్ చేయు బాక్టీరియా పాత్రలోనే పెరిగి, పాత్రలోనే నశించును. దాని నుండి శుద్ధి చేసిన మందు మాత్రమే బయటికి వచ్చును. మందులో బాక్టీరియా ఉండదు. కావున జన్యువులు మార్చిన సూక్ష్మజీవి నుండి వచ్చినదన్న కారణమున ఇన్సులిన్ మాన్పించుట ప్రాణాపాయకరము. అట్టి వదంతి మీ గ్రామములో పుట్టినచో మీరే ముందుగా ఖండింపవలెను. పొలములో చల్లునది ఇందుకు భిన్నము. అది బ్రతికియుండును, పెరుగును, నీటితోను గాలితోను పొరుగు పొలమునకు పోగలదు. కలుపు మొక్కను చూచి పెరుకవచ్చును గాని, నేలలో కలసిన బాక్టీరియాను వెనుకకు పిలుచుట అసాధ్యము. అందుచేత చల్లుటకు ముందే విచారణ జరుగవలెను.

ఈ సందర్భమున కాలిఫోర్నియాలో జరిగిన ఒక ఉదంతము స్థానిక సంస్థల సభ్యులందరును తెలిసికొనదగినది. చలిదేశములలో రాత్రి చలికి ఆకులపై మంచు గడ్డకట్టి పైరు మాడిపోవును. ఆ మంచు త్వరగా గడ్డకట్టుటకు ఆకులపై నివసించు సూడోమొనాస్ సిరింజే అను బాక్టీరియా కొంత కారణము. దానిలోని ఒక్క జన్యువు వలన ఈ పని జరుగుచున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు స్టీవెన్ లిండో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ జన్యువును తొలగించిరి. జన్యువు తొలగిన బాక్టీరియాను ముందుగా ఆకులపై చల్లినచో, అసలు బాక్టీరియాకు చోటు దొరకక పైరు నిలుచునని వారి ఆలోచన. ఇందు కొత్తగా కలిపినది ఏదియు లేదు, తీసివేసినదే యున్నది.

1985లో ఒక కంపెనీకి ఈ బాక్టీరియాను స్ట్రాబెర్రీ తోటలో ప్రయోగించుటకు కేంద్ర పర్యావరణ సంస్థ అనుమతి నిచ్చెను. ప్రయోగము మాంటెరే కౌంటీలో జరుగునని నిర్ణయించిరి గాని, ఏ పొలములోనో స్థానికులకు చెప్పలేదు. సంగతి తెలిసి ప్రజలు ఆందోళన చెందిరి. 1986 ఆరంభమున కౌంటీ పాలకమండలి బహిరంగ విచారణ జరిపి ప్రయోగమును నిలుపుచేసెను. ఆ తరువాత, అనుమతి రాకముందే ఆ కంపెనీ తన భవనపు కప్పుపైన చెట్లలో ఈ బాక్టీరియాను పరీక్షించినట్లు బయటపడగా, ప్రభుత్వము జరిమానా విధించెను. తుదకు 1987 ఏప్రిల్‌లో బ్రెంట్‌వుడ్ వద్ద స్ట్రాబెర్రీ మొక్కలపైనను, టులేలేక్ వద్ద బంగాళాదుంప పైరుపైనను ప్రయోగములు జరిగెను. బ్రెంట్‌వుడ్‌లో ముందటి రాత్రి కొందరు దుండగులు మొక్కలను పెరికివేసిరి. చల్లు వ్యక్తి తల మొదలు పాదముల వరకు రక్షణ దుస్తులు ధరించిన ఛాయాచిత్రములు పత్రికలలో రాగా ప్రజల భయము మరింత పెరిగెను. ప్రయోగములో హాని ఏదియు కనబడలేదు. బాక్టీరియా చెప్పుకొనదగినంత దూరము వ్యాపించలేదు. అయినను ఆ సరకు బజారునకు రానేలేదు.

ఇందు గ్రహింపదగిన నీతి యేమి? ఆ బాక్టీరియా చెడ్డది కాదు. దానిని ప్రజల నడుమకు తెచ్చిన తీరు చెడ్డది. స్థానికులకు చెప్పి, పాలకమండలి యెదుట ప్రశ్నలకు సమాధానమిచ్చి, తరువాత చల్లియున్నచో కథ వేరుగా నుండెడిది. దాచిన దానిని జనము నమ్మరు. మొక్కలు పెరికివేయుట వలన గూడ నిజము తెలియలేదు. ఈ రెండు పొరపాట్లకు నడుమ సరియైన మార్గమును చూపగలిగినది ఆ కౌంటీ మండలి జరిపిన బహిరంగ విచారణయే.

ఇప్పటి సంగతికి వచ్చిన, అమెరికాలో 2019 నుండి మొక్కజొన్న రైతులకు సవరించిన బాక్టీరియా ఒకటి అమ్మకమునకు వచ్చినది. వేళ్లవద్ద నివసించి గాలిలోని నత్రజనిని స్థిరపరచు బాక్టీరియాలు నేలలో సహజముగనే గలవు. కాని పొలములో యూరియా వంటి నత్రజని ఎరువు వేసినచో అవి ఆ పని మానివేయును. దొరికిన దానిని వదలి కష్టపడుట వాని స్వభావము కాదు. ఆ పనిని ఆపు జన్యువును తొలగించి, ఎరువు ఉన్నను పని మానకుండునట్లు శాస్త్రజ్ఞులు దానిని సవరించిరి. ఎరువు ఖర్చు తగ్గు నన్నచో ఏ రైతునకు ఆశ కలుగదు? అయితే 2023లో అమెరికా ఉత్తర-మధ్య ప్రాంతపు విశ్వవిద్యాలయముల వారు, నత్రజనిని స్థిరపరచునని అమ్మబడు కొన్ని బాక్టీరియా సరకులపై 10 రాష్ట్రములలో జరిపిన పరీక్షల ఫలితములను ప్రకటించిరి. వానిలో సవరించినవియు, సహజమైనవియు గలవు. మొత్తము 61 పరీక్షలలో దిగుబడి పెరిగినది 2 చోట్ల మాత్రమే. విద్య గొప్పదైనంత మాత్రమున ప్రతి డబ్బా పనిచేయునని అనుకొనరాదు. ప్రయోగశాలలో నిలిచిన గుణము ఎండకు, వానకు, నేలలోని కోట్ల ఇతర జీవుల పోటీకి నిలువవలెను.

మన దేశమున చట్టమేమి చెప్పుచున్నది? 1986 పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో చేసిన నియమముల ప్రకారము, జన్యువులను మార్చిన సూక్ష్మజీవులను కేంద్ర ప్రభుత్వపు జన్యు ఇంజనీరింగు మదింపు కమిటీ అనుమతి లేనిదే పర్యావరణములోనికి విడువరాదు. ఆ నియమములలో జన్యువును చేర్చుటయే గాక తొలగించుటను గూడ జన్యు ఇంజనీరింగుగనే నిర్వచించిరి. కనుక ‘మేము పరాయి జన్యువు కలుపలేదు, ఒకటి తీసివేసితిమి అంతే’ అని వ్యాపారి చెప్పినంత మాత్రమున అనుమతి అక్కరలేకపోదు. 2022 మార్చిలో కేంద్ర ప్రభుత్వము పరాయి డి.ఎన్.ఏ. లేని కొన్ని రకముల సవరణలకు ఈ నియమములలో కొన్నింటి నుండి మినహాయింపు నిచ్చినది నిజమే. 2025 మే నెలలో ప్రకటించిన ‘కమల’ అను వరి వంగడము, మన సాంబ మసూరి నుండి హైదరాబాదు రాజేంద్రనగరులోని భారత వరి పరిశోధన సంస్థ వారు సవరించి తయారు చేసినది, ఆ కోవకు చెందినది. కాని ఆ మినహాయింపు మొక్కలకు ఈయబడినది. బాక్టీరియాలకు ఈయబడలేదు. ఈ భేదమును మీరు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను.

అనుమతి నిచ్చుట పంచాయతీ పని కాదు. అడుగుట పంచాయతీ పని. మీ గ్రామములో ఎవరైనను కొత్త బాక్టీరియా ఎరువు తెచ్చి ప్రదర్శన క్షేత్రము పెట్టుదుమన్నచో మర్యాదగా కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది ప్రకృతిలో దొరికినదా, జన్యువులు సవరించినదా? సవరించినదైనచో కేంద్ర కమిటీ అనుమతి పత్రమేది? మన నేలలలో దీనిని పరీక్షించినదెవరు, ఫలితమేమి? ఏ పొలములో, ఎన్ని ఎకరములలో, ఎప్పటి వరకు వాడుదురు? సమాధానములను గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానపు పుస్తకములో వ్రాయించుడు. 2002 జీవవైవిధ్య చట్టము క్రింద ఏర్పడవలసిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ మీ పంచాయతీలో పేరునకు మాత్రమే యున్నచో, దానిని సమావేశపరచుటకు ఇది తగిన సందర్భము. అనుమతి పత్రము చూపలేనివారి సంగతిని మండల వ్యవసాయాధికారికి, కలెక్టరుగారికి వ్రాతపూర్వకముగా తెలుపుడు. మీరు స్వయముగా పైరు పెరుకుటకు గాని, పెరుకనిచ్చుటకు గాని పూనుకొనవద్దు.

అదే సమయమున రైజోబియం, అజోస్పిరిల్లం వంటి సాధారణ జీవన ఎరువులను అనుమానింప నవసరము లేదు. అవి నేల నుండి ఎంచి పెంచినవి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి వచ్చునవి. పొడి రూపమున నున్నచో గ్రామునకు కనీసము 5 కోట్ల బ్రతికియున్న బాక్టీరియాలు ఉండవలెనని ఆ ఉత్తర్వు చెప్పుచున్నది. పొట్లముపై గడువు తేదీ చూచి, ఎండ తగులని చోట నుంచి, గడువు లోపల వాడుకొనుట రైతులకు తెలియజెప్పుడు. గడువు తీరిన పొట్లములో మిగులునది వట్టి పొడియే.

సోదర సోదరీమణులారా! ఈ విద్య వలన రేపు ఎరువు ఖర్చు తగ్గవచ్చును, కలుషితమైన నేల బాగుపడవచ్చును, చౌకగా మందులు రావచ్చును. వానిని మన గ్రామములు పోగొట్టుకొనరాదు. అట్లని పేరు తెలియని డబ్బాను నమ్మి మన నేలను పరీక్షకు ఒడ్డనురాదు. ఈ రెండింటిని సరిచూచుటకు మీరు శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. గ్రామసభలో నిలిచి ‘అనుమతి పత్రము చూపుడు’ అని అడుగగలిగిన చాలును. వచ్చు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చవలసినదిగా కోరుచున్నాను.

జై హింద్.